జెస్సికా జోన్స్ ఎనిమిదో ఎపిసోడ్ చూసి కిల్‌గ్రేవ్ మీద జాలి పడితే తప్పా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "జెస్సికా జోన్స్ మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ చూస్తుంటే కిల్‌గ్రేవ్ మీద జాలేసింది. ఆ మాట పైకి అనగానే పక్కన కూర్చున్న మా అక్క టీవీ కట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ముభావంగానే ఉంది. జెస్సికా తనంతట తానే ఆ ఇంటికి వెళ్ళింది కదా? అక్కడ అతను ఆమె మీద తన శక్తి కూడా వాడలేదు కదా? మరి నేను అన్నదాంట్లో తప్పేముంది?"

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. గృహహింస నుంచి, లైంగిక హింస నుంచి బయటపడినవాళ్ళకి, ఇంకా బయటపడనివాళ్ళకి కౌన్సెలింగ్ చెయ్యడమే నా ప్రధానమైన పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు ఈ ఎపిసోడ్‌లో ఒక సన్నివేశాన్ని చూపిస్తుంటాను కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన విషయం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. తర్వాతి ఎపిసోడ్ల కథ కూడా చెప్పక తప్పదు.

సూటిగా సమాధానం: జాలి కలగడం తప్పు కాదు. రాసినవాళ్ళు మీకు జాలి కలగాలనే రాశారు. కానీ "అతను శక్తి వాడలేదు, ఆమె తనంతట తానే వెళ్ళింది" అన్న మాట మాత్రం నిజం కాదు. ఆ ఎపిసోడ్ మొత్తం ఆ మాట ఎందుకు నిజం కాదో చూపించడానికే ఉంది. మీ అక్కకి కోపం తెప్పించింది జాలి కాకపోవచ్చు, దాని వెనకాల వచ్చిన ఈ మాట అయి ఉండొచ్చు.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్‌లో జెస్సికా ప్రైవేట్ డిటెక్టివ్. మామూలు మనుషులకి లేని దేహబలం ఉంది. కిల్‌గ్రేవ్ అనేవాడికి ఉన్న శక్తి వేరు, అతను నోటితో ఏది చెబితే ఎదుటివాళ్ళు అది చేస్తారు. ఒకప్పుడు అతను జెస్సికాను తన అదుపులో ఉంచుకున్నాడు. తన దగ్గరే ఉంచుకున్నాడు, తనకి నచ్చిన బట్టలు వేయించాడు, నవ్వమన్నాడు, తనతో పడుకోమన్నాడు. రీవా అనే ఆవిడను ఆమె చేతులతోనే చంపించాడు. ఆ క్షణంలో ఆమె అతని పట్టు నుంచి బయటపడుతుంది. అతను చనిపోయాడనుకుంటుంది. 2015 నవంబర్ 20న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన పదమూడు ఎపిసోడ్ల మొదటి సీజన్ అంతా అతను తిరిగొచ్చాక జరిగే కథ. జెస్సికాగా క్రిస్టెన్ రిట్టర్, కిల్‌గ్రేవ్‌గా డేవిడ్ టెనెంట్ చేశారు.

ఎనిమిదో ఎపిసోడ్ నాటికి కిల్‌గ్రేవ్ జెస్సికా చిన్నప్పుడు పెరిగిన ఇంటిని కొంటాడు. యజమానిని తన శక్తితో ఒప్పించకుండా డబ్బిచ్చి కొంటాడు, అయితే ఆ డబ్బు పేకాటలో తన శక్తితో గెలిచిందే. పాత ఫొటోలు చూసి సామాన్లన్నీ ఆమె చిన్నతనంలో ఎలా ఉండేవో అలాగే సర్దిస్తాడు. ఆమె అమ్మ, నాన్న, తమ్ముడు కారు ప్రమాదంలో పోయారు. వాళ్ళు లేని ఇంట్లో వాళ్ళు ఉన్నప్పటి గదులు! జెస్సికా ఆ ఇంటికి వెళ్తుంది. నా శక్తి నీ మీద వాడను, నీ అంతట నువ్వే నన్ను ప్రేమించాలి అంటాడు.

ఇక్కడే మీరు ఆగారు. నేను ఇక్కడినుంచే మొదలుపెడతాను.

ఆమె ఆ ఇంట్లో ఎందుకు ఉంది? అంతకుముందు ఎపిసోడ్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఆమె పక్కింటి కుర్రాడు రూబెన్ ఆమె మంచం మీద గొంతు తెగి చనిపోయి ఉన్నాడు. పోలీస్ స్టేషన్ మొత్తం కిల్‌గ్రేవ్ ఒక్క మాటతో ఒకరికొకరు తుపాకులు గురిపెట్టుకుని నిలబడింది. తను దూరంగా ఉన్నంతకాలం తన చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పోతారని ఆమెకి అర్థమైంది. ఆ ఇంట్లోకి వచ్చాక కూడా వంటవాడు, పనావిడ బందీలే. జెస్సికా తనకి ఎదురు తిరిగితే వాళ్ళు తమకు తాము ఘోరమైన హాని చేసుకునేలా కిల్‌గ్రేవ్ ముందే చెప్పి పెట్టాడు. అతన్ని చంపి పారిపోవడానికీ లేదు. మొదటి ఎపిసోడ్‌లో హోప్ అనే కాలేజీ అమ్మాయి చేత తల్లిదండ్రులను కాల్పించాడు, ఆమె ఇప్పుడు జైల్లో ఉంది. హోప్ నిర్దోషి అని నిరూపించాలంటే కిల్‌గ్రేవ్ ప్రాణాలతో దొరకాలి.

కాబట్టి ఆమె నడిచి వెళ్ళిన మాట నిజమే. ఆమె ఎదుట ఉన్న దారులన్నీ అతను ముందే మూసేసి ఒక్కటి మాత్రమే తెరిచి పెట్టాడు. దాన్ని ఇష్టం అనం.

ఇంకో సంగతి, చాలామంది గమనించనిది. తర్వాతి ఎపిసోడ్‌లో, అంటే తొమ్మిదోదాంట్లో, కిల్‌గ్రేవ్ మాటలు జెస్సికా మీద ఇక పనిచెయ్యడం లేదని బయటపడుతుంది. రీవా చనిపోయిన రోజు నుంచే ఆమె మీద ఆ శక్తి పోయింది, అది వాళ్ళిద్దరికీ తెలియదు. ఇది తెలిశాక ఎనిమిదో ఎపిసోడ్ మళ్ళీ చూడండి. ఆ ఇంట్లో అతను శక్తి వాడాలనుకున్నా ఆమె మీద పని చేసేది కాదు. అంటే ఆ గడప లోపల ఆమెను పట్టి ఉంచినవి ఏమిటి? ఎవరికేం అవుతుందోనన్న భయం, రూబెన్ చనిపోయాడన్న అపరాధభావం, పుట్టింటి జ్ఞాపకాలు, బహుమతులు, ఏ క్షణాన అతని మనసు మారుతుందో తెలియని టెన్షన్. ఇవన్నీ ఏ శక్తీ లేని మామూలు మొగుళ్ళ దగ్గర కూడా ఉండేవే. సూపర్‌హీరో సిరీస్‌లో సూపర్ పవర్ లేకుండా నడిచే హింసను చూపించిన ఎపిసోడ్ ఇది. నేను పాఠంలో దీన్నే వాడుకోవడానికి కారణం కూడా అదే.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు మొదటి రోజే "ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు మేడమ్" అని మొదలుపెడతారు. గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా ఒకరి సంగతి చెబుతాను. భర్త కొట్టడు, తిట్టడు. పెళ్ళిరోజుకి నెక్లెస్ కొన్నాడు, సెలవులకి ఊటీ తీసుకెళ్ళాడు. కానీ ఆవిడ జీతం పడే అకౌంట్ ఏటీఎం కార్డు అతని పర్సులో ఉంటుంది. ఆఫీసు నుంచి బయటికొచ్చిన వెంటనే వీడియో కాల్ చేసి చుట్టూ ఎవరున్నారో చూపించాలి. పుట్టింటికి ఫోన్ చేస్తే స్పీకర్ ఆన్ చెయ్యాలి. ఒకసారి ఫోన్ ఎత్తకపోతే అతను ఏమీ అనలేదట, మూడేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని ఎక్కడికో వెళ్ళి రాత్రికి వచ్చాడట, అంతే. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ ఫోన్ ఎత్తకుండా ఉండలేదు.

ఇదే సీజన్‌లో జెస్సికా రోజూ ఒక టైముకి తన ఫొటో తీసి కిల్‌గ్రేవ్‌కి పంపుతుంది. పంపితే మాల్కమ్ అనే కుర్రాణ్ణి వదిలేస్తానని అతను పెట్టిన షరతు అది. ఆ సన్నివేశం చూసినప్పుడల్లా నాకు పైన చెప్పిన వీడియో కాల్ గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు సన్నివేశానికి వద్దాం. అతను ఆమె చేతిని తాకుతాడు. ఆమె తాకొద్దంటుంది. మనం ఇంతకంటే చాలా దగ్గరగా ఉండేవాళ్ళం కదా అంటాడు. దాన్ని రేప్ అంటారని ఆమె మొహం మీదే చెబుతుంది. అతను నిజంగా ఆశ్చర్యపోతాడు. ఫైవ్ స్టార్ హోటళ్ళలో ఉన్నాం, మంచి మంచి చోట్ల తిన్నాం, ఇందులో రేప్ ఎక్కడుంది అని అడుగుతాడు. వాటిలో ఏదీ నేను కోరుకోలేదు, అదే రేప్ అని ఆమె జవాబు. శరీరాన్నే కాదు, నా తలలోని ప్రతి ఆలోచననూ పాడు చేశావంటుంది. నా ఉద్దేశం అది కాదంటాడు. నీ ఉద్దేశంతో నాకు పని లేదంటుంది.

అతని ఆశ్చర్యం నటన కాదు, అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. టెనెంట్ అలాగే చేశాడు. ఇది చాలా ముఖ్యం. హింస చేసేవాళ్ళందరూ లోపల నవ్వుకుంటూ కుట్రలు పన్నేవాళ్ళు అనుకుంటే వాళ్ళను ఎప్పటికీ గుర్తుపట్టలేం. నేను చూసినవాళ్ళలో చాలామంది తాము ప్రేమిస్తున్నామనే నమ్ముతారు. ఖర్చు పెట్టిన డబ్బు లెక్కలు చెబుతారు. "ఏం తక్కువ చేశాను మేడమ్ దానికి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో బాధ కూడా నిజమే. కానీ ఇచ్చినవాటి జాబితా ఎంత పొడుగున్నా, అందులో ఆవిడ అడిగినవి ఎన్ని, కాదనే వీలున్నవి ఎన్ని అని అడిగితే చాలావరకు సమాధానం ఉండదు.

ఎపిసోడ్‌లో ఊదా రంగు గౌను గుర్తుందా? ఆమె కోసం గదిలో పెట్టి ఉంచుతాడు. ఆమె అది వేసుకోదు. నాకు ఎపిసోడ్ మొత్తంలో ధైర్యం అంటే అదే.

జాలి ఎక్కడ మొదలవుతుంది? ఆ గొడవలోనే కిల్‌గ్రేవ్, ఎదుటివాళ్ళు తమ ఇష్టంతో చేస్తున్నారో నేను చెప్పబట్టి చేస్తున్నారో నాకెలా తెలుస్తుంది అంటాడు. ప్రతి మాటా ఆచితూచి మాట్లాడాల్సిన బతుకు తనదంటాడు. తనకి ప్రేమించే తల్లిదండ్రులు లేరంటాడు. ఒక వీడియో ఇస్తాడు. అందులో చిన్న పిల్లాడు, అప్పటి పేరు కెవిన్, అతని మీద తల్లిదండ్రులే ప్రయోగాలు చేస్తున్నారు, పిల్లాడు ఏడుస్తున్నాడు. మీకు జాలి కలిగింది ఇక్కడే అనుకుంటాను. నాకూ కలిగింది. ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి జాలి కలగకపోతే ఈ పని చెయ్యలేను.

సిరీస్ ఇందుకు చాలా ఏర్పాట్లు చేసింది. మొదటి ఎపిసోడ్లలో కిల్‌గ్రేవ్ ఎక్కువగా ఒక గొంతుగా, నీడగా, ఊదా రంగు వెలుగుగా ఉంటాడు. ఇక్కడికొచ్చేసరికి పగటి వెలుతురులో, టేబుల్ దగ్గర భోజనం చేస్తూ, మాటలకి నొచ్చుకుంటూ మనిషిలా కనిపిస్తాడు. పైగా టెనెంట్ అంతకుముందు బ్రిటిష్ సిరీస్ 'డాక్టర్ హూ'లో కథానాయకుడిగా ప్రపంచమంతా అభిమానించిన నటుడు. ఆ ముఖం మీద చాలామందికి ముందునుంచే ఇష్టం ఉంది. 1964లో మార్వెల్ కామిక్స్‌లో మొదటిసారి వచ్చినప్పుడు ఈ పాత్రకి ఒళ్ళంతా ఊదా రంగు ఉండేది, చూడగానే విలన్ అని తెలిసిపోయేది. సిరీస్‌లో ఆ రంగు బట్టల్లో మాత్రమే మిగిలింది. సిరీస్‌ని తయారుచేసిన మెలిస్సా రోజెన్‌బర్గ్, ఆమె రచయితల బృందం కావాలనే మనల్ని జెస్సికా కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టారు. అతని కథ విని ఆమె మనసు కదిలితే అది ఎలా ఉంటుందో మనకి స్వయంగా తెలియాలని.

జెస్సికా ఏమంటుందో చూడండి. మా అమ్మానాన్నలు చచ్చిపోయారు, నేనెవరినీ రేప్ చెయ్యడం లేదే అంటుంది. నా ఇరవై గంటల లెక్చర్ ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

నా దగ్గరికి ఒక భర్త వచ్చాడు, భార్య ఒత్తిడి మీద. గంటసేపు వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బల గురించి చెప్పాడు. బెల్టు రంగు, తలుపు వెనక దాక్కున్న చోటు, అమ్మ గొంతు, అన్నీ గుర్తున్నాయి. ఏడ్చాడు. అదంతా నిజం, నాకు సందేహం లేదు. తను భార్యకి చేసినదాని గురించి మాత్రం ఒకే వాక్యం చెప్పాడు, అప్పుడప్పుడు గొడవలవుతుంటాయని. నేను ఆ గంటనీ ఈ వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి అతనికే చూపించాను. మీకు జరిగినదాని మీద నాకు బాధ ఉంది, దానికి చికిత్స కూడా ఉంది, కానీ మీ భార్య చెయ్యి విరిగింది మీ నాన్న వల్ల కాదు అని చెప్పాను. చిన్నప్పటి గాయం ఒక మనిషి ఎలా తయారయ్యాడో చెబుతుంది, చేసినదానికి బాధ్యతను మాత్రం రద్దు చెయ్యదు. ఈ రెండూ ఒకేసారి మనసులో పట్టుకోవడం కష్టం. కానీ మీరు చెయ్యాల్సింది అదే. జాలి వదులుకోమని నేను చెప్పడం లేదు.

పైగా ఆ వీడియో మొత్తం కథ కాదు. తొమ్మిదో ఎపిసోడ్‌లో అతని తల్లిదండ్రులు దొరుకుతారు. కొడుకుకి నరాల జబ్బు ఉందనీ, బతికించుకోవడానికే ఆ చికిత్సలు చేశామనీ చెబుతారు. శక్తి వచ్చాక ఆ పిల్లాడు అలిగి అన్న మాటకి తల్లి వేడి ఇస్త్రీపెట్టెను తన ముఖానికే ఆనించుకుంది. వాళ్ళు చేసింది కూడా అంతా సబబు అని సిరీస్ అనదు. కిల్‌గ్రేవ్ చూపించింది అబద్ధం కాదు, కానీ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో అతనే ఎంచుకున్నాడు.

ఇక నాకు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే భయం కలిగించేది ఆ గొడవ కాదు, పక్కింటావిడ సన్నివేశం. ఆవిడ జెస్సికా కుటుంబానికి ప్రమాదం జరగబోతుందని తనకి ముందే తెలుసన్నట్టు గొప్పలు చెప్పుకుంటుంది. కిల్‌గ్రేవ్ ఒక్క మాటతో ఆవిడ చేత నిజం కక్కిస్తాడు, అదంతా కల్పించి చెప్పానని. ఆ క్షణంలో జెస్సికా ముఖం చూడండి. ఎన్నాళ్ళనుంచో ఎవరూ తన పక్షాన నిలబడలేదు, ఇప్పుడొకడు నిలబడ్డాడు, అది కూడా ఇలాంటివాడు! హింస చేసేవాడు ఇరవై నాలుగు గంటలూ హింస చెయ్యడు. మీకు అవసరమైన రోజున మీ వైపు నిలబడతాడు. మీ అత్తగారితో మీ తరఫున పోట్లాడతాడు. ఆ ఒక్క రోజు జ్ఞాపకం మీద ఏళ్ళు గడిచిపోతాయి. అదే పక్కింటావిడ చేతికి తర్వాత కిల్‌గ్రేవ్ మనుషులు బాంబు ఉన్న సంచి ఇచ్చి, జెస్సికా వైపు ఉన్న పోలీసు సింప్సన్ దగ్గరికి పంపుతారు. అతనికి ఆవిడ మీద కోపమూ లేదు, న్యాయం మీద ఆసక్తీ లేదు. జెస్సికాకి నచ్చే పని ఆ పూట అది, అంతే.

తర్వాత ఆమె అతన్ని ఒక ఇంటికి తీసుకెళ్తుంది. అక్కడ ఒకడు సొంత కుటుంబాన్నే తుపాకీతో బంధించి ఉన్నాడు. కిల్‌గ్రేవ్ మాటతో వాళ్ళు బయటపడతారు. ఆమె ఆపకపోతే ఆ మనిషి ప్రాణం తీసుండేవాడు. అయినా అందరూ బతికారు. అతను సంబరపడిపోతాడు. మనమిద్దరం కలిసి ఇలా చెయ్యొచ్చు అంటాడు. జెస్సికా తన ప్రాణస్నేహితురాలు ట్రిష్ దగ్గరికి వెళ్ళి అడుగుతుంది: నేను అతని పక్కన ఉండి మంచి దారిలో పెడితే ఎంతమంది బతుకుతారో కదా, ఉండిపోనా?

ఈ ప్రశ్న నేను తెలుగులో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. "నేను సర్దుకుంటే ఆయన మారతాడేమో", "నా వల్లే ఆయన కొంచెం తగ్గాడు, నేను వెళ్ళిపోతే పిల్లల మీద పడతాడేమో", "మా చెల్లి పెళ్ళి అయ్యేదాకా". బయటివాళ్ళకి ఇది బలహీనతలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అది లెక్క. అందరి ప్రాణాల లెక్క వేసుకుని తన ప్రాణాన్ని చివర పెట్టుకోవడం. మళ్ళీ ఆ ఇంటికి ఎందుకు వెళ్ళావని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆవిడ ఎవరిని కాపాడటానికి వెళ్ళిందో ముందు అడగండి.

జెస్సికా చివరికి ఏం చేసింది? హోటల్ నుంచి చైనీస్ భోజనం తెచ్చి అందులో మత్తు కలిపి వంటవాణ్ణి, పనావిడను నిద్రపుచ్చింది. అప్పుడు కిల్‌గ్రేవ్‌కి మత్తు సూది గుచ్చింది. అంటే ఆ ఇంట్లో తిరుగుతూ, తింటూ, మాట్లాడుతూ ఉన్నంతసేపూ ఆమె మనసు ఒక దారి వెతుకుతూనే ఉంది. లొంగిపోయినట్టు కనిపించే చాలామంది ఆడవాళ్ళ విషయంలో ఇది నిజం. కొంచెం కొంచెంగా డబ్బు దాచుకోవడం, సర్టిఫికెట్లు స్నేహితురాలి ఇంట్లో పెట్టడం, పాత ఫోన్ ఒకటి బియ్యం డబ్బాలో ఉంచడం. ఇవి నేను చూసిన చైనీస్ భోజనాలు.

"ఎందుకు ఎదిరించలేదు?" మీరు ఈ మాట సూటిగా అడగలేదు కానీ, "అంత బలం ఉండి" అన్న ఆలోచన వెనక అదే ఉంటుంది. ప్రాణభయం కలిగినప్పుడు పోరాడటం, పారిపోవడం మాత్రమే కాదు, కొయ్యబారిపోవడం కూడా శరీరం చేసే పనే. అది ఆలోచించి చేసే పని కాదు. మన చట్టం కూడా చాలా ఆలస్యంగా ఇది ఒప్పుకుంది. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసులో, ఆమె ప్రతిఘటించిన ఆనవాళ్ళు లేవన్నది ప్రధాన కారణంగా సుప్రీంకోర్టు పోలీసులను విడుదల చేసింది. దేశమంతా ఉద్యమం వచ్చింది, 1983లో చట్టం మారింది. నిర్భయ ఘటన తర్వాత 2013లో మరో మార్పు వచ్చింది. సమ్మతి అంటే స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపేదనీ, శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనీ అందులో రాశారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా అదే ఉంది. భర్త భార్యని బలవంతం చేస్తే దాన్ని రేప్ అనని మినహాయింపు మాత్రం ఇంకా అలాగే ఉంది, అది నాకు చాలా బాధ కలిగించే సంగతి.

పదో ఎపిసోడ్‌లో కిల్‌గ్రేవ్ ఇదే వాదన ఇంకో రకంగా తెస్తాడు. ఒకసారి తన ఆజ్ఞ గడువు అయిపోయాక కూడా నువ్వు 18 సెకన్లు నా పక్కనే నిలబడ్డావు, అది నీ ఇష్టమే అంటాడు. జెస్సికాకి ఆ 18 సెకన్లు గుర్తున్నాయి. మేడ మీద అంచున నిలబడి, దూకి పారిపోవడానికి తనని తాను కూడగట్టుకుంటోంది. కూడగట్టుకునేలోపే అతను మళ్ళీ పిలిచాడు. అన్నాళ్ళ చెరలో 18 సెకన్లు ఏరి తీసి, అదిగో ఒప్పుకున్నావు అనడం! కోర్టుల్లో డిఫెన్స్ లాయర్లు ఒక వాట్సాప్ మెసేజ్, నవ్వుతున్న ఒక ఫొటో చూపించి చేసేది కూడా ఇదే.

చట్టం సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. దెబ్బలు లేకుండా మనిషిని అదుపులో పెట్టుకోవడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లో నేరంగా చేసిన చట్టం 2015 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది, అంటే ఈ సిరీస్ వచ్చిన నెలన్నర లోపే. గరిష్ఠంగా అయిదేళ్ళ శిక్ష. మన 2005 గృహహింస చట్టం క్రిమినల్ చట్టం కాదు కానీ, మాటలతో, మానసికంగా, డబ్బు విషయంలో చేసే హింసను కూడా హింసగానే గుర్తిస్తుంది. ఏటీఎం కార్డు లాక్కోవడం దాని కిందికి వస్తుంది. ఇది తెలియక చాలామంది దెబ్బ తగిలేదాకా ఎదురుచూస్తారు.

సిరీస్‌లో నాకు బాగా నచ్చినది, సీజన్ మొత్తంలో ఆ అత్యాచారాన్ని ఒక్కసారి కూడా తెరమీద చూపించకపోవడం. మనం చూసేదంతా దాని తర్వాతే. నిద్ర పట్టకపోవడం, వెనక ఎవరో ఉన్నట్టు ఉలిక్కిపడటం, అతని గొంతు చెవిలో వినబడటం. అలాంటప్పుడు ఆమె చిన్నప్పటి వీధుల పేర్లు వరసగా చెప్పుకుంటుంది. మేమూ అలాంటి పద్ధతులు నేర్పుతాం. చుట్టూ కనబడే అయిదు వస్తువుల పేర్లు చెప్పమంటాం, అరికాళ్ళు నేలకి ఆనించమంటాం, భయం మనసును గతంలోకి లాగుతుంటే తిరిగి ఇప్పటిలోకి తెచ్చుకోవడానికి. మన సినిమాల్లో దశాబ్దాలపాటు బలాత్కారం సీన్‌ని కెమెరా ఎలా చూసిందో తెలిసినవాళ్ళకి, ఈ సంయమనం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. జెస్సికా తాగుడు డిటెక్టివ్ స్టైల్‌లా కనిపిస్తుంది. నిజంలో ఇలాంటి గాయం మీద మద్యం పడితే పీడకలలు, దిగులు ఇంకా ముదురుతాయి. కథ ముగిసే తీరు కూడా, పదమూడో ఎపిసోడ్‌లో ఆమె తన చేతులతోనే అతన్ని చంపడం, కథకి సరిపోయింది కానీ బతుకులో అలాంటి ముగింపు దొరకదు. పిల్లల కస్టడీ వాయిదాలు, మెయింటెనెన్స్ పిటిషన్లు ఉంటాయి, బంధువుల పెళ్ళిలో అతను ఎదురుపడటం ఉంటుంది. మాటతో మనిషిని ఆడించే శక్తి అనే కల్పనలో ఒక చిక్కు కూడా ఉంది, బాధితురాలికి సొంత బుద్ధే ఉండదని అనిపించే ప్రమాదం. ఎనిమిదో ఎపిసోడ్ ఆ లోటు తీర్చింది కాబట్టే నాకు అంత ఇష్టం.

మీ అక్క గురించి. "నీకేమైనా జరిగిందా?" అని దయచేసి అడగకండి. జరిగి ఉండొచ్చు, జరగకపోవచ్చు. బస్సులో, ఆఫీసులో, స్నేహితురాలి ఇంట్లో చూసినవి చాలు ఆ సన్నివేశం గుచ్చుకోవడానికి. ఆమె చెప్పాలనుకుంటే చెబుతుంది, అడిగి చెప్పించకూడదు. "ఆ రోజు నేనన్న మాట ఆలోచించాను, ఆమె తన ఇష్టంతో వెళ్ళలేదని అర్థమైంది" అంటే చాలు. వివరణలు వద్దు, సిరీస్ గురించి చర్చ మళ్ళీ మొదలుపెట్టొద్దు. ఆమె ఏమీ అనకపోయినా ఫరవాలేదు, ఆమెకి కావాలనిపించినప్పుడు మీరు అందుబాటులో ఉండండి. చెబితే మధ్యలో సలహా ఇవ్వకుండా చివరిదాకా వినండి, నమ్ముతున్నానని చెప్పండి, ఆమె అనుమతి లేకుండా అమ్మానాన్నలకి కూడా చెప్పకండి.

ఈ సమాధానం చదివేవాళ్ళలో ఎవరికైనా అవసరమైతే: మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. జిల్లాల్లోని సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్దిరోజులు ఉండే చోటు ఒకేచోట దొరుకుతాయి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100. భర్త ఫోన్ చెక్ చేసే అలవాటున్నవాడైతే కాల్ చేశాక ఆ నంబర్ చెరిపెయ్యండి, వీలైతే వేరేవాళ్ళ ఫోన్ నుంచి చెయ్యండి.